వైజాగ్ ఎయిర్‌పోర్ట్ మీద థ్రిల్లర్ రాస్తే, అనుమానితుడి సంగతేంటి?

ఎయిర్‌పోర్ట్ థ్రిల్లర్లంటే నాకు ప్రాణం. బాంబు బెదిరింపు, పరుగెడుతున్న గడియారం, మూసుకుపోతున్న బోర్డింగ్ గేటు, కంట్రోల్ రూమ్‌లో ఎటూ తేల్చుకోలేని ఆఫీసరు, ఎన్నిసార్లు చదివినా విసుగు రాదు. కానీ వరుసగా చదువుతూ పోతే ఒక విషయం మాత్రం గుచ్చుకుంటూనే ఉంటుంది. కథ సగానికి రాకముందే ఎవడో ఒక అమాయకుణ్ణి పట్టుకుని పక్క గదిలో కూర్చోబెడతారు, మన చూపు అటు తిప్పడానికి. అసలువాడు దొరికాక ఈ మనిషి కథలోంచి మాయమైపోతాడు. వదిలేశారా, ఇంటికి చేరాడా, ఉద్యోగం ఉందా పోయిందా, ఎవరికీ పట్టదు. నాకు ఆ మనిషే కావాలి. ఆ మనిషి కోసమే ఇప్పుడు ఒక నవల రాస్తున్నాను, మన వైజాగ్ ఎయిర్‌పోర్ట్‌లో ఒకే ఒక్క ఉదయం జరిగే కథ.

వైజాగే ఎందుకంటే, ఇలాంటి కథకి ఇంతకన్నా మంచి చోటు మన రాష్ట్రంలో లేదని నా గట్టి నమ్మకం. ఎన్ఏడీ జంక్షన్ దాటి గాజువాక వైపు వెళ్ళేవాళ్ళందరికీ తెలుసు, ఆ కంచె అవతల కాసేపు ప్రయాణికుల విమానం, కాసేపు నేవీ హెలికాప్టర్. రన్‌వే నేవీది, ఐఎన్ఎస్ డేగా అనే వాళ్ళ వైమానిక స్థావరంలోది. ఏటీసీలో, అంటే విమానాలకి దారి చెప్పే చోట, కూర్చునేది కూడా నేవీ వాళ్ళే. టెర్మినల్ చూస్తే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది, మనల్ని తడిమి లోపలికి పంపేది కేంద్ర భద్రతా దళం సీఐఎస్ఎఫ్, బ్యాగు మన చేతులోంచి తీసుకున్నాక దాని పూచీ విమాన సంస్థది, గేటు బయట ఏదైనా అయితే రాష్ట్ర పోలీసులు. ఇంతమంది పెద్దలున్న ఇంట్లో పొద్దున్నే ఒక బెదిరింపు ఫోన్ వచ్చిందనుకోండి. దాన్ని తేల్చడానికి బాంబ్ త్రెట్ అసెస్‌మెంట్ కమిటీ అని ఒకటి కూర్చుంటుంది, వచ్చింది ఫలానా విమానానికి, ఫలానా వివరాలతో వచ్చిన బెదిరింపా, లేక ఊరికే గాల్లో విసిరిన మాటా అని చూస్తుంది. ఆ గదిలో జరిగే వాదనే నాకు అసలైన థ్రిల్లర్. కాల్పుల సీను ఎవరైనా రాస్తారు.

పైగా ఇది తూర్పు నౌకాదళం ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు. 2019 డిసెంబర్‌లో నేవీ రహస్యాలు బయటకి పోతున్నాయని మన రాష్ట్ర ఇంటెలిజెన్స్ వాళ్ళు కొందరు నావికుల్ని పట్టుకున్నప్పుడు, ఆ ఆపరేషన్‌కి డాల్ఫిన్స్ నోస్ అని మన కొండ పేరే పెట్టారు. ఇక ఎయిర్‌పోర్ట్ భద్రత అనగానే తెలుగువాళ్ళందరికీ గుర్తొచ్చేది 2018 అక్టోబర్ 25. అప్పటి ప్రతిపక్ష నాయకుడు జగన్‌మోహన్ రెడ్డి మీద వీఐపీ లాంజ్‌లో కోడికత్తితో దాడి జరిగింది, నిందితుడు అక్కడి రెస్టారెంట్‌లోనే పనిచేసే కుర్రాడు, కేసు ఆ తర్వాత జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ చేతికెళ్ళింది. రాజకీయం నాకొద్దు. నా బుర్రలో ఉండిపోయింది ఒక్క సంగతే: మన కళ్ళన్నీ టికెట్ పట్టుకుని లోపలికొచ్చేవాడి మీదే ఉంటాయి, అక్కడ రోజూ డ్యూటీకి వచ్చేవాళ్ళ వైపు పోవు.

కథానాయిక ఎక్స్‌రే తెర ముందు కూర్చునే సీఐఎస్ఎఫ్ అమ్మాయి. ఆ తెర గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే నా నవల అక్కడే మొదలవుతుంది. లోహాలు నీలంగా కనబడతాయి. తిండి, బట్టలు, కాగితాలు, సబ్బులు, అంటే సేంద్రియ పదార్థాలన్నీ నారింజ రంగు. రెండూ కలగలిసినవి ఆకుపచ్చ. మనవాళ్ళ సంచుల్లో ఏముంటాయో తెలుసుగా, ఆవకాయ డబ్బా నారింజ, పూతరేకుల పెట్టె నారింజ, మాడుగుల హల్వా నారింజ. ప్లాస్టిక్ పేలుడు పదార్థం కూడా నారింజే. ముద్ద ఎంత మందంగా ఉంది, అంచు ఎలా ఉంది, పక్కన తీగలాంటిది ఉందా, బ్యాటరీ ఏమైనా ఆనుకుని ఉందా, ఇవన్నీ కొన్ని సెకన్లలో తేల్చాలి, బెల్టు మీద వెనకాల ఇంకో బ్యాగు వచ్చేస్తుంటుంది. ఆ తెర ముందు మనిషి చూపు తొందరగా అలిసిపోతుంది, అందుకే చాలా దేశాల్లో 20 నిమిషాలకోసారి మనిషిని మారుస్తారు.

ఇంకో విశేషం ఉంది, ఇది మొదటిసారి తెలిసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. స్క్రీనర్ అప్రమత్తంగా ఉందో లేదో చూడటానికి, మధ్యమధ్యలో సాఫ్ట్‌వేరే ఒక తుపాకీ బొమ్మనో బాంబు బొమ్మనో నిజమైన బ్యాగు బొమ్మ మీద అతికించి చూపిస్తుంది. ఆమె గుర్తుపట్టి బటన్ నొక్కితే, ఇది పరీక్ష మాత్రమే, బాగా కనిపెట్టావు అని తెర మీద వస్తుంది. ఇప్పుడు ఊహించండి. తెల్లారకుండానే డ్యూటీకొచ్చిన అమ్మాయి, నారింజ ముద్ద, దాని పక్కన సన్నటి నీలం గీత. బటన్ నొక్కింది. పరీక్ష అనే మెసేజ్ కోసం చూస్తోంది. రావడం లేదు. మెషీన్ మొరాయించిందా, లేక ఇది పరీక్ష కాదా? నా మొదటి అధ్యాయం అక్కడ ఆగుతుంది.

ఇక అనుమానితుడు. అతను పోర్టులో కళాసీ. చెన్నైలో ఆపరేషన్ కావాల్సిన తమ్ముడికి రక్తం ఇవ్వాలి, రైలు టికెట్ దొరక్క అప్పు చేసి విమానం ఎక్కుతున్నాడు, జీవితంలో మొదటిసారి. ఇతని సంచిని పక్కకి తీస్తారు. చిన్న పట్టీతో జిప్పు, పిడి తుడిచి, ఆ పట్టీని మెషీన్‌లో పెడతారు, మీలో చాలామంది చూసే ఉంటారు. పేలుడు పదార్థం ఆనవాళ్ళు కంటికి కనబడనంత తక్కువున్నా పట్టే మెషీన్ అది. కానీ ఆ ఆనవాలు ఎక్కణ్ణుంచి అంటుకుందో దానికేం తెలుస్తుంది? గుండెజబ్బుకి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ మాత్రలకీ, పొలంలో చల్లే ఎరువులకీ కూడా ఇలాంటి మెషీన్లు కూసిన సందర్భాలు ఉన్నాయి. మన పోర్టులో దిగే సరుకుల్లో అమ్మోనియం నైట్రేట్ ఒకటి. గనుల్లో రాళ్ళు పేల్చడానికి వాడేది. 2020 ఆగస్టు 4న బీరూట్‌లో 2,750 టన్నులు నిల్వ ఉంచిన గోదాము పేలి ఊళ్ళో చాలా భాగం దెబ్బతిన్న మర్నాటి నుంచి మన ఊళ్ళో కూడా అందరూ దీని గురించే మాట్లాడుకున్నారు, గుర్తుండే ఉంటుంది.

మా మావయ్య పోర్టులోనే చేసి రిటైరయ్యాడు. ఈ సీను రాసే ముందు ఆయన్ని అడిగాను.

"మావయ్యా, ఆ సరుకు దగ్గర పనిచేస్తే ఒంటికి అంటుకుంటుందా?"

"అంటుకోకేట్రా! చొక్కాకి, చెప్పులకి, జేబులో చుట్టల కట్టకి కూడా పట్టేస్తాది. స్నానం చేసినా గోళ్ళ సందులో ఉండిపోద్ది. ఆ చేత్తోనే కదేటి సంచి జిప్పు లాగుతాం."

అంతే, నాకు సీను దొరికిపోయింది. మెషీన్ అబద్ధం చెప్పలేదు. అతని సంచి మీద నిజంగానే అమ్మోనియం నైట్రేట్ ఉంది. "ఏటి బాబూ, నా సంచిలో ఏటుంది?" అని అతను అడుగుతుంటే, "ముందు ఇది చెప్పు, ఇది నీ చేతికి ఎలా వచ్చింది?" అని వాళ్ళు అడుగుతుంటారు. ఇద్దరి ప్రశ్నలూ న్యాయమైనవే. ఇక్కడ ఎవరూ దుర్మార్గులు కారు, నాకు కావలసిన టెన్షన్ అదే.

అనుమానించడం తప్పు అని నేను రాయబోవడం లేదు. అలా రాస్తే కనిష్క విమానంలో పోయినవాళ్ళకి అన్యాయం చేసినట్టే. 1985 జూన్ 23, ఎయిర్ ఇండియా 182, ఐర్లాండ్ తీరం దగ్గర అట్లాంటిక్ మీద పేలిపోయింది, 329 మంది. దాని మీద జరిగిన విచారణల్లో బయటపడిన వివరాలు చదివితే ఏ థ్రిల్లరూ దాని ముందు నిలవదు. వాంకూవర్‌లో చెకిన్ కౌంటర్ దగ్గరకి ఒకతను వచ్చాడు. అతని టికెట్ టొరంటో వరకే కన్ఫర్మ్, అక్కణ్ణుంచి ఎయిర్ ఇండియాలో వెయిటింగ్ లిస్టు. అయినా సూట్‌కేసు మాత్రం నేరుగా ఢిల్లీ దాకా పంపమని పట్టుబట్టాడు. కౌంటర్‌లో ఉన్నామె మొదట కుదరదంది. అతను వాదన ఆపడు, వెనకాల క్యూ పెరిగిపోతోంది, చివరికి ఆమె సరేనని ట్యాగు కట్టింది. సూట్‌కేసు ఎక్కింది. మనిషి ఎక్కలేదు. టొరంటోలో ఎక్స్‌రే మెషీన్ మధ్యలో పాడైంది, మిగిలిన బ్యాగుల మీద చేత్తో పట్టుకునే పరికరం ఒకటి తిప్పారు, ఒక సంచి దగ్గర అది చిన్నగా కూసినా ఎవరూ ఆపలేదు. అదే రోజు టోక్యో నరిటా ఎయిర్‌పోర్ట్‌లో ఇంకో ఎయిర్ ఇండియా విమానంలోకి ఎక్కించాల్సిన బ్యాగు పేలి ఇద్దరు లోడర్లు చనిపోయారు.

ఒక పొడవాటి క్యూ, పాడైపోయిన ఒక మెషీన్. నేను ఆ భాగం చదివిన రోజు రాత్రి నిద్రపట్టలేదు. ఇవాళ మనం ఎక్కకపోతే మన బ్యాగు దించేయడం, దాని కోసం విమానం ఆలస్యమవడం, దానికి మనం విసుక్కోవడం, దాని వెనకున్నది ఆ 329 మంది. కాబట్టి నా నవలలో స్క్రీనర్ బటన్ నొక్కి తీరుతుంది. నొక్కకపోతే నేనే ఆమెని క్షమించను.

కానీ బటన్ నొక్కిన తర్వాత ఏం జరుగుతుందన్నది ఇంకో కథ, దానికి నా దగ్గర ఇంకో మనిషి ఉన్నాడు. డాక్టర్ మహమ్మద్ హనీఫ్. కర్ణాటకలో పెరిగి, ఆస్ట్రేలియాలో గోల్డ్ కోస్ట్ ఆసుపత్రిలో పనిచేస్తున్నాడు. 2007 జూన్ 30న స్కాట్లాండ్‌లో గ్లాస్గో ఎయిర్‌పోర్ట్ టెర్మినల్ మీదకి ఇద్దరు గ్యాస్ సిలిండర్లు నింపిన జీపుతో దూసుకెళ్ళారు. వాళ్ళలో ఒకడు ఈ డాక్టరుకి దూరపు బంధువు. ఆ బంధువు తమ్ముడి దగ్గర ఉన్న సిమ్ కార్డు ఈయన పేరు మీదుంది. బ్రిటన్ వదిలి వచ్చేటప్పుడు ప్లాన్‌లో మిగిలిన నిమిషాలు వాడుకోమని ఇచ్చేసిన సిమ్. జూలై 2న బ్రిస్బేన్ ఎయిర్‌పోర్ట్‌లో ఇండియా విమానం ఎక్కబోతుంటే పట్టుకున్నారు. చేతిలో వన్‌వే టికెట్. వెళ్తున్నది అప్పుడే పుట్టిన కూతుర్ని చూడటానికి. అభియోగం పెట్టకుండానే 12 రోజులు ఉంచారు. సిమ్ ఆ జీపులోనే దొరికిందని కోర్టులో చెప్పారు, తీరా అది ఉన్నది లివర్‌పూల్‌లో, ఆ తమ్ముడి దగ్గర. జూలై 27న కేసు ఎత్తేశారు. తర్వాత జరిగిన విచారణ ఆయన మీద ఏ మచ్చా లేదని తేల్చింది, 2010లో అక్కడి ప్రభుత్వం పరిహారం ఇచ్చి క్షమాపణ చెప్పింది.

మీరే చూడండి. బంధుత్వం నిజం, సిమ్ నిజం, వన్‌వే టికెట్ నిజం. మొదటి రోజు ఆ మూడూ పక్కపక్కన పెట్టి చూసిన పోలీసుని నేను తప్పుపట్టను. నా బాధ తర్వాతి రోజుల గురించి. అనుమానం తీర్చే సమాచారం చేతికొస్తున్నా, ఒకసారి పట్టుకున్నాం కదా అని బిగించేయడం. ఆ మనిషి పేరు టీవీలో పడిపోయాక వెనక్కి తగ్గడం ఎవరికీ చేతకాకపోవడం. నా కళాసీ విషయంలో కూడా అదే రాస్తాను. మధ్యాహ్నానికల్లా అతని ఫోటో వాట్సాప్‌లో తిరుగుతుంటుంది, పెదవాల్తేరు నుంచి అనకాపల్లి దాకా, అతని ఊరి పేరుతో సహా.

టెక్నాలజీ సంగతి. సీటు వెనక టీవీలోంచి ల్యాప్‌టాప్‌తో ఇంజిన్లు హ్యాక్ చేయడం లాంటివి నా నవలలో ఉండవు, అలాంటివి చదివితే నాకు పుస్తకం మూసేయాలనిపిస్తుంది. నిజంగా జరిగినవే చాలు. 2024 జూలై 19 శుక్రవారం గుర్తుందా, ఒక సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచం మొత్తమ్మీద 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి. మన దేశంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. సైబర్ దాడి అని మొదటి గంటల్లో ఎంతమంది అనుకున్నారో. ఎవరూ దాడి చేయలేదు, ఒక ఫైల్లో తప్పు. అలాగే 2019 నవంబర్‌లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మాడ్రిడ్ వెళ్ళాల్సిన విమానం పైలట్ పొరపాటున హైజాక్ హెచ్చరిక పంపేశాడు, ఎయిర్‌పోర్ట్‌లో కొంత భాగం మూసేసి బలగాలు దిగాయి, లోపల ప్రయాణికులు ఎప్పుడు బయల్దేరతామా అని కూర్చునున్నారు. హైజాక్‌కి ట్రాన్స్‌పాండర్‌లో (విమానం నుంచి నేల మీది రాడార్‌కి కోడ్ పంపే పరికరం) పెట్టే కోడ్ 7500, రేడియో పోతే 7600, ఏదైనా ఆపదకి 7700.

ఇక జీపీఎస్ స్పూఫింగ్. దొంగ సిగ్నల్ పంపి విమానాన్ని తను లేని చోట ఉన్నానని నమ్మించడం. 2023 చివర్లో పశ్చిమాసియా మీదుగా ఎగిరే విమానాలకి ఇది మొదలై, ఆకాశంలో అంత ఎత్తున ఉండగా నేల దగ్గర పడుతోంది, పైకి లేపు అని కాక్‌పిట్‌లో అరుపులు వినబడ్డాయట, గడియారాలు కూడా తప్పిపోయాయి. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆ నవంబర్‌లోనే హెచ్చరిక ఇచ్చింది. చుట్టూ కొండలు, పక్కనే సముద్రం, రన్‌వే నేవీది అయిన మన ఊళ్ళో ఇలాంటిది జరిగితే? ఒక అధ్యాయం దానికే పెట్టుకున్నాను.

ఇప్పుడు ఇవన్నీ ఒక్క పొద్దున మీద పడతాయి. తెల్లవారుజామున అప్‌డేట్ ఒకటి విమాన సంస్థ కంప్యూటర్లని పడేస్తుంది, బోర్డింగ్ పాసులు చేత్తో రాస్తుంటారు, ఎవరి బ్యాగు ఎక్కింది ఎవరు ఎక్కారు అనే లెక్క కాగితాల మీదకి వస్తుంది. సోషల్ మీడియాలో ఒక బెదిరింపు పడుతుంది. 2024 అక్టోబర్‌లో మన విమానాలకి వందల కొద్దీ ఉత్తుత్తి బెదిరింపులు వచ్చినప్పుడు ఒక కేసులో పట్టుబడింది మైనర్ కుర్రాడు, అది మనసులో పెట్టుకునే రాశాను. స్క్రీనర్ బటన్ నొక్కుతుంది. పట్టీ కూస్తుంది. కళాసీని గదిలోకి తీసుకెళ్తారు. ఇంతలో గేటు దగ్గర లెక్కలో ఒక మనిషి తక్కువ, బ్యాగు మాత్రం లోపలుంది. ఏ320 లాంటి విమానంలో బ్యాగులు చాలాసార్లు విడివిడిగానే పేర్చి ఉంటాయి, ఒక్కదాని కోసం అన్నీ దించాలి. ఎండలో ఏప్రాన్ మీద, అంటే విమానాలు నిలిపే చోట, బ్యాగులు వరుసగా పెట్టి, ప్రయాణికుల్ని దించి, ఎవరిది వాళ్ళు చూపించండి అంటారు. చివరికి ఎవరూ చెయ్యెత్తని బ్యాగు ఒకటి మిగులుతుంది. అందరి కళ్ళూ దాని మీద.

ఆ బ్యాగు ఎవరిదో ఇక్కడ చెప్పను, కష్టపడి కట్టుకున్న ముడి అది.

కానీ చివరి అధ్యాయం మాత్రం చెప్పేస్తాను, ఎందుకంటే ఈ నవల రాయాలనుకున్నదే దాని కోసం. విమానం వెళ్ళిపోతుంది. మీడియా వాహనాలు వెళ్ళిపోతాయి. కళాసీని వదిలేశారు, వెళ్ళొచ్చు అన్నారు, అంతే. అతని టికెట్ నో షో, అంటే ప్రయాణికుడు రాలేదు, అని పడింది కాబట్టి డబ్బు తిరిగి రాదు. కౌంటర్‌లో అమ్మాయి నిజంగానే బాధపడుతూ, "సార్, నేనేం చేయలేను, సిస్టమ్‌లో అలా ఉంది" అంటుంది. తమ్ముడి దగ్గర్నుంచి ఫోన్. చెన్నైకి తర్వాతి విమానం టికెట్ ధర ఎంతో అడుగుతాడు. డ్యూటీ దిగి బయటికొస్తున్న స్క్రీనర్ అతన్ని గుర్తుపడుతుంది. ఆమె తన పని సరిగ్గా చేసింది, అతను ఏ తప్పూ చేయలేదు. అతని దగ్గరకి వెళ్ళి ఆమె ఏమంటుంది అన్నది రాసి కొట్టేస్తున్నాను, మళ్ళీ రాస్తున్నాను. క్షమించమని అడిగితే రేపు మళ్ళీ ఆ బటన్ నొక్కడానికి చెయ్యి వణకదా? అడక్కుండా వెళ్ళిపోతే ఆమె మీద నాకు గౌరవం మిగులుతుందా? ప్రస్తుతానికి ఆమె అతని పక్కన నిలబడి, ఫోన్‌లో చెన్నై రైళ్ళు చూస్తోంది, తత్కాల్ ఏమైనా దొరుకుతుందేమోనని.